ఇన్‌హేలర్ ఇంట్లో ఉంది సరే… మీరు ఇచ్చే తీరు ఎవరైనా చూశారా?



వరి కోతలు జోరుగా సాగుతున్న రోజులివి. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా రోడ్డు పక్కన ఎక్కడ చూసినా వడ్ల కుప్పలే. హార్వెస్టర్ తిరిగిన పొలం మీద దుమ్ము పొద్దుపోయేదాకా తేలుతూనే ఉంటుంది. దానికి తోడు పొద్దున పూట చలి. ఈ నెలలో మన స్కూల్ బస్సులో కూర్చుంటే వెనక సీట్ల నుంచి దగ్గులు వినపడుతూనే ఉంటాయి. వాటిలో చాలావరకు జలుబు దగ్గులే, వారం పది రోజుల్లో తగ్గిపోతాయి. కొందరు పిల్లల దగ్గు మాత్రం అలా తగ్గదు. రాత్రి నిద్రలో లేపుతుంది, ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తాయి, ఆటల పీరియడ్‌లో రెండు రౌండ్లు పరిగెత్తగానే ఆయాసం వస్తుంది. మన పెద్దలు దమ్ము అని, ఉబ్బసం అని పిలిచేది దీన్నే. డాక్టర్లు ఆస్తమా అంటారు.

నేను డాక్టర్ని కాను. కామారెడ్డి బ్రాంచిలో పాఠాలు చెప్పే టీచర్ని, ఆస్తమా ఉన్న ఒక బాబుకు తల్లిని. ఈ విషయం మీద రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. పద్నాలుగు నెలల పాటు నా బిడ్డకు ఇన్‌హేలర్ తప్పుగా ఇచ్చాను.

బాబు రెండో తరగతిలో ఉన్నప్పుడు డాక్టరు గారు మంచి మందే రాశారు, స్పేసర్ కూడా కొనిపించారు. నేను ఒక్క పూట కూడా మానకుండా ఇచ్చాను. ఇన్‌హేలర్‌ను స్పేసర్‌కు తగిలించి టక్ టక్‌మని రెండుసార్లు నొక్కేదాన్ని. బాబు ఒక్కసారి గాలి పీల్చి ఆటకు పరిగెత్తేవాడు. డబ్బాను ఊపాలన్న సంగతి గుర్తుండేది కాదు. ఆదివారం స్పేసర్‌ను కడిగి పొడిగుడ్డతో లోపలంతా గట్టిగా తుడిచేదాన్ని, శుభ్రంగా ఉండాలని. రాత్రి దగ్గు తగ్గలేదు. మందు పని చేయడం లేదని డోసు పెంచారు. డాక్టర్ని మార్చాం. ఇంట్లో గొడవలు కూడా అయ్యాయి.

చివరికి ఒక నర్సమ్మ, "మీరు ఇంట్లో ఎట్ల ఇస్తరో ఒక్కసారి నాకు చేసి చూపెట్టండి మేడమ్" అంది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు, నా తప్పులన్నీ పట్టుకుంది. ఆ రోజు మందు మార్చలేదు. కొన్ని వారాల్లో బాబు రాత్రిళ్లు నిద్రపోవడం మొదలుపెట్టాడు, తర్వాత కొన్ని నెలలకు డాక్టరు గారే డోసు తగ్గించారు. ఆ పద్నాలుగు నెలల్లో ఎవరూ నన్ను "చేసి చూపించు" అని అడగలేదు. నేనూ "చూడండి" అని ఎవరినీ అడగలేదు.

మీతో నేను చెప్పాలనుకున్నది ఇదే. ఇన్‌హేలర్ చీటీ రాసినంత మాత్రాన, కొన్నంత మాత్రాన వైద్యం మొదలైనట్టు కాదు. మీరు ఇస్తుండగా తెలిసిన మనిషి ఒకరు పక్కన కూర్చుని చూసి, "సరిగ్గా ఉంది" అన్న రోజున మొదలవుతుంది. అలా చూడమని అడగడం మన హక్కు, మన పని కూడా.

చూపించింది ఒకరికి, ఇచ్చేది మరొకరు

మాత్ర అయితే ఎవరు వేసినా ఒకటే. ఇన్‌హేలర్ అలా కాదు, అది చేతి పని. సైకిల్ తొక్కడం చెప్తే రాదు కదా, ఇదీ అంతే. ప్రపంచమంతటా ఆస్తమా వైద్యానికి మార్గదర్శకాలిచ్చే జీనా అనే సంస్థ, ఇన్‌హేలర్ వాడేవారిలో 70 నుంచి 80 శాతం మంది దాకా సరిగ్గా వాడలేకపోతున్నారని చెబుతోంది. 1975 నుంచి 2014 వరకు వచ్చిన అధ్యయనాలను కలిపి 2016లో లెక్క చూస్తే, పూర్తిగా సరిగ్గా వాడుతున్నవారు 31 శాతమే. ఆ నలభై ఏళ్లలో పరిస్థితి మెరుగుపడిందీ లేదు. కాబట్టి మీరు తప్పు చేస్తున్నారంటే మీకు చదువు తక్కువని కాదు, శ్రద్ధ లేదని కాదు. ఎక్కువమందిలో మీరూ ఒకరు, అంతే.

మన ప్రాంతంలో దీనికి మరో కారణం కూడా ఉంది. పిల్లను బండి మీద కామారెడ్డికో నిజామాబాద్‌కో తీసుకెళ్లేది నాన్న లేదా బాబాయి. డాక్టరు గారి దగ్గర కాంపౌండర్ చూపించేది వాళ్లకు. ఇంటికొచ్చాక రోజూ ఇచ్చేది అమ్మ లేదా నాయనమ్మ. నాన్న గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు మనలో తక్కువేమీ కాదు, అక్కడ భారమంతా నాయనమ్మ, తాతయ్యల మీదే. చూసిన మనిషి వేరు, ఇచ్చే మనిషి వేరు. నాలుగు నోళ్లు మారిన మాట ఎలా తయారవుతుందో మనకు తెలిసిందే. "రెండుసార్లు కొట్టాలంట" అన్నంత వరకే చివరికి మిగులుతుంది.

అందుకే మొదటి మాట. రోజూ మందు ఇచ్చే మనిషి ఎవరో ఆ మనిషే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నాయనమ్మ అయితే నాయనమ్మే. వెళ్లలేకపోతే డాక్టరు గారి అనుమతితో నర్సు చూపిస్తున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకుని ఇంట్లో అందరికీ చూపించండి.

సరిగ్గా ఇవ్వడం అంటే ఎలా

చిన్న పిల్లలకు డబ్బా ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తోనే ఇవ్వాలి. నేరుగా నోట్లో కొడితే మందు వేగంగా వచ్చి గొంతు వెనకాలే అంటుకుపోతుంది, ఊపిరితిత్తులకు చేరేది కొంచెమే. స్పేసర్‌లో ఆ తుంపర కాసేపు నిలుస్తుంది, పిల్లవాడు తన తీరులో తాను పీల్చుకుంటాడు. మూడేళ్లలోపు పిల్లలకు మాస్కు ఉన్న స్పేసర్, నాలుగేళ్లు దాటి నోటితో పట్టుకోగలిగితే మాస్కు లేనిది వాడతారు. మాస్కు అవసరం తీరాక కూడా దానితోనే కొనసాగిస్తే ముక్కులోనే కొంత మందు ఆగిపోతుంది. మీ పాప ఏ వయసులో ఏది వాడాలో డాక్టర్ని అడగండి.

ఇప్పుడు ఒక్కొక్క మెట్టూ చూద్దాం. కారణం కూడా చెబుతున్నాను, ఎందుకో తెలిస్తే మరచిపోం.

మొదట పిల్లను నిటారుగా కూర్చోబెట్టండి లేదా నిలబెట్టండి. ఇన్‌హేలర్ మూత తీసి లోపల దుమ్మో ధూళో ఇరుక్కుందేమో చూడండి. కొత్త డబ్బా అయినా, చాలా రోజులు వాడకుండా ఉంచినదైనా ముందు గాలిలోకి కొట్టి చూడాలి. ఎన్నిసార్లో పెట్టెలోని కాగితంలో ఉంటుంది.

తర్వాత డబ్బాను బాగా ఊపండి. చాలా ఇన్‌హేలర్లలో మందు ద్రవంలో కలిసీ కలవనట్టు తేలుతూ ఉంటుంది. ఊపకపోతే అడుగున పేరుకుంటుంది. అప్పుడు ఒకసారి ఎక్కువ మందు, మరోసారి ఉత్త గ్యాసు వస్తాయి.

మాస్కు అయితే ముక్కు, నోరు రెండూ కప్పి చెంపలకు ఆనేలా పెట్టాలి. కొంచెం సందు ఉన్నా మందు ఆ సందులోంచి పోతుంది. మాస్కు లేని స్పేసర్ అయితే పళ్ల మధ్య పెట్టుకుని పెదాలు గట్టిగా మూయమనండి. నాలుక అడ్డం రాకూడదు.

ఇప్పుడు ఒక్కసారే నొక్కండి. ఆపి పిల్లవాణ్ణి మామూలుగా, నెమ్మదిగా ఐదారు శ్వాసలు తీసుకోనివ్వండి. స్పేసర్‌లో వాల్వు కదులుతుంటే మందు లోపలికి వెళ్తోందని అర్థం. ఒకటి, రెండు, మూడు అని మీరు లెక్కపెట్టండి, పిల్లవాడికి అది ఆటలా ఉంటుంది. పెద్ద పిల్లలైతే నిదానంగా నిండా పీల్చి పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊపిరి బిగబట్టవచ్చు.

రెండో పఫ్ రాసి ఉంటే అర నిమిషం నుంచి నిమిషం ఆగి, మళ్లీ ఊపి, మళ్లీ ఒక్కసారే నొక్కండి. రెండూ ఒకేసారి కొడితే తుంపర తుంపరకు తగిలి స్పేసర్ గోడలకు అంటుకుంటుంది. నేను చేసిన తప్పు ఇదే. రెండు పఫ్‌లు ఇచ్చానని నా లెక్క, బాబుకు అందింది ఎంతో దేవుడికే తెలియాలి.

రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అయితే ఇచ్చాక నోరు పుక్కిలించి ఊసేయించాలి. మాస్కుతో ఇస్తే ముఖం కూడా తుడవాలి. లేకపోతే నోట్లో తెల్లటి పూత, గొంతు బొంగురు రావచ్చు. పళ్లు తోముకునే ముందు మందు అన్న అలవాటు చేస్తే రెండు పనులూ కలిసిపోతాయి.

ఏడ్చే పిల్లకు ఇస్తే ఏడుపుతో పాటు ఎక్కువ మందు పోతుందని కొందరి నమ్మకం. నిజం దానికి తారుమారు. గుక్కపట్టి ఏడుస్తున్నప్పుడు ఊపిరితిత్తులకు చేరేది చాలా తక్కువ. కాళ్లూ చేతులూ పట్టుకుని ఇచ్చి "ఎట్లనో అట్ల పెట్టినం" అనుకుంటే మందు గాలిలో కలిసినట్టే. రెండు మూడు రోజులు మందు లేకుండా ఉత్త స్పేసర్‌ను ఇచ్చి ఆడుకోనివ్వండి. బొమ్మకు పెట్టమనండి, తాతయ్యకు పెట్టినట్టు నటించమనండి. భయం పోయాక పని సులువవుతుంది.

స్పేసర్‌ను కొన్న రోజున, తర్వాత అప్పుడప్పుడు గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కొంచెం కలిపి ముంచి తీయాలి. గుడ్డతో రుద్దకూడదు, గాలికి ఆరనివ్వాలి. ప్లాస్టిక్‌ను రుద్దితే కరెంటు చార్జి పుడుతుంది. స్కేలును జుట్టుకు రుద్ది కాగితం ముక్కలను లాగే ప్రయోగం మీ పిల్లలు క్లాసులో చేసే ఉంటారు. స్పేసర్ లోపల కూడా అదే జరుగుతుంది, ఇక్కడ కాగితం ముక్కల బదులు మందు గోడలకు అంటుకుంటుంది.

డబ్బా ఖాళీ అయిందో లేదో ఊపి చూస్తేనో నీళ్లలో తేల్చి చూస్తేనో తెలియదు. మందు అయిపోయాక కూడా గ్యాసు మిగిలి టుస్సుమని వస్తూనే ఉంటుంది. కౌంటర్ ఉంటే అంకె చూడండి. లేకపోతే లెక్క కట్టండి. డబ్బాలో 200 డోసులు ఉంటే, పూటకు రెండు చొప్పున రోజుకు రెండు పూటలు వాడితే 50 రోజుల్లో అయిపోతుంది. మొదలుపెట్టిన రోజే క్యాలెండర్‌లో 50వ రోజు దగ్గర గీత పెట్టండి.

పొడి క్యాప్సూల్ పెట్టి పీల్చే పరికరం సంగతి పూర్తిగా వేరు. దానికి ఊపడాలు, స్పేసర్లు ఉండవు. నెమ్మదిగా కాదు, గట్టిగా వేగంగా లోతుగా పీల్చాలి. అంత బలంగా పీల్చడం చిన్న పిల్లలకు చేతకాదు. దానిలోకి ఊదితే పొడి తడిసి ముద్దవుతుంది. క్యాప్సూల్ కదా అని నీళ్లతో మింగించిన సంఘటనలూ ఉన్నాయి. మింగితే అది చేసే పని ఏమీ లేదు.

రెండు డబ్బాలు, రెండు పనులు

ఆస్తమా ఉన్న చాలా ఇళ్లలో రెండు రకాల ఇన్‌హేలర్లు ఉంటాయి. ఒకటి రిలీవర్, అంటే ఆయాసం వచ్చినప్పుడు బిగుసుకున్న గాలి గొట్టాలను కొద్ది నిమిషాల్లో వదులు చేసేది. సాల్బుటమాల్ ఆ రకం. రెండోది ప్రివెంటర్, అంటే ఆయాసం రాకుండా గాలి గొట్టాల లోపలి వాపును రోజూ కొంచెం కొంచెం తగ్గించేది. బుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్లు ఈ రకం. రెండోది వాడగానే తేడా కనిపించదు. వారాలు పడుతుంది. అందుకే "ఇది పని చేస్తలేదు" అని చాలామంది దాన్నే మానేస్తారు, వెంటనే హాయినిచ్చే రిలీవర్‌ను మాత్రం పదే పదే వాడతారు. పొయ్యి కింద మంట తగ్గించకుండా పొంగే పాల మీద నీళ్లు చల్లుతూ కూర్చోవడం లాంటిదిది. రిలీవర్ మాటిమాటికీ అవసరం పడుతోందంటే ఆస్తమా అదుపులో లేదని అర్థం, డాక్టర్ని కలవాలి. రిలీవర్ ఒక్కదాని మీదే ఆధారపడటం ప్రమాదమని 2019లో జీనా 12 ఏళ్లు దాటినవారికి సంబంధించి తన సలహానే మార్చుకుంది.

డబ్బా రంగు చూసి గుర్తుపెట్టుకోకండి, కంపెనీని బట్టి రంగులు మారతాయి. పేరు చదవండి. చదవడం రాని పెద్దవాళ్లు ఇస్తుంటే ఒక దాని మీద సూర్యుడి బొమ్మ, ఇంకోదాని మీద గంట బొమ్మ అతికించండి. సూర్యుడు అంటే రోజూ ఇచ్చేది, గంట అంటే ఆయాసం వచ్చినప్పటిది.

స్టెరాయిడ్ అన్న మాటకు భయపడేవారికి ఒక చిన్న లెక్క. ఇన్‌హేలర్‌లో మందును మైక్రోగ్రాముల్లో కొలుస్తారు. వెయ్యి మైక్రోగ్రాములైతే ఒక మిల్లీగ్రాము. పిల్లలకు సాధారణంగా రోజుకు రాసేది వంద, రెండు వందల మైక్రోగ్రాముల దగ్గర ఉంటుంది. ఆస్తమా ముదిరి ఆసుపత్రిలో చేరితే నోటితో ఇచ్చే స్టెరాయిడ్‌ను 20 కిలోల పిల్లకు 20 మిల్లీగ్రాములు, అంతకు పైన కూడా ఇస్తారు. రెండు మందులూ ఒకటి కావు, బలాలూ వేరు. అయినా కొలత ఎంత తేడాగా ఉందో చూడండి. దుష్ఫలితమే లేదని నేను చెప్పను. అమెరికాలో పిల్లలను పెద్దయ్యేదాకా గమనించిన అధ్యయనం ఒకటి 2012లో వచ్చింది. రోజుకు 400 మైక్రోగ్రాముల బుడెసొనైడ్ కొన్నేళ్లు వాడినవారి ఎత్తు సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువగా ఉంది. ఆ సెంటీమీటరు ఒక పక్కన, రాత్రుళ్లు ఊపిరి ఆడక లేచి కూర్చునే బాల్యం మరో పక్కన పెట్టి చూడండి. ఇంకో మాట, సరిగ్గా ఇస్తే తక్కువ డోసు సరిపోతుంది. తప్పుగా ఇస్తే డోసు పెరుగుతుంది. స్టెరాయిడ్ అంటే భయం ఉన్నవారే ఇన్‌హేలర్ ఇచ్చే పద్ధతిని అందరికంటే బాగా నేర్చుకోవాలి.

"నెబులైజర్ పెట్టిస్తేనే తగ్గుతది"

మన దగ్గర గట్టిగా నాటుకున్న నమ్మకం ఇది. ఆవిరి పొగలా కనిపిస్తుంది, పెద్ద మిషను, కాబట్టి బలమైన వైద్యం అనిపిస్తుంది. కానీ ప్రాణాపాయ స్థితిలో లేని పిల్లల్లో స్పేసర్‌తో ఇచ్చిన ఇన్‌హేలర్ నెబులైజర్‌కు ఏమాత్రం తీసిపోదని, పైగా గుండెదడ తక్కువని, ఆసుపత్రిలో ఉండే సమయం కూడా తగ్గుతుందని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలు తేల్చాయి. 1999లో దక్షిణాఫ్రికాకు చెందిన పిల్లల డాక్టర్ హెదర్ జార్, ఆమె సహచరులు అర లీటరు ప్లాస్టిక్ బాటిల్‌కు అడుగున రంధ్రం చేసి ఇన్‌హేలర్ బిగించి చూశారు. దుకాణంలో కొన్న స్పేసర్‌తో సమానంగా పని చేసిందని లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. మీరు బాటిల్ వాడమని నా ఉద్దేశం కాదు, స్పేసర్ కొనండి. మిషను పెద్దదైతేనే మందు గొప్పదని అనుకోవద్దని మాత్రమే చెబుతున్నాను.

మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేప మందు కోసం మన జిల్లా నుంచి కూడా ఎందరో వెళ్తారు. వెళ్లడం, వెళ్లకపోవడం మీ నమ్మకం. నేను అడిగేది ఒక్కటే. ఏ నమ్మకంతో ఎక్కడికి వెళ్లినా డాక్టరు రాసిన ఇన్‌హేలర్‌ను మీ అంతట మీరు ఆపకండి. పిల్లవాడు బాగున్నాడంటే చాలాసార్లు ఆ ఇన్‌హేలర్ పని చేస్తోందని అర్థం.

ఎల్లారెడ్డి నుంచి ఆసుపత్రి ఎంత దూరం?

ఆస్తమాను తేలిగ్గా తీసుకోకూడదు. 2019 నాటి అంచనాల ప్రకారం ప్రపంచంలోని ఆస్తమా రోగుల్లో సుమారు 13 శాతం మంది మన దేశంలో ఉన్నారు. ఆస్తమా మరణాల్లో మాత్రం 42 శాతం మనవే. జబ్బు మన దగ్గర ప్రత్యేకంగా ముదిరి ఉండటం వల్ల కాదు, మందు అందాల్సిన చోటికి అందకపోవడం అందులో పెద్ద కారణం.

జిల్లా కేంద్రమయ్యాక కామారెడ్డిలో వైద్య సౌకర్యాలు పెరిగాయి, 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. కానీ ఎల్లారెడ్డి వైపు పల్లెల నుంచి రాత్రి పూట ఇక్కడికి రావాలంటే ఎంతసేపు పడుతుందో మీకే బాగా తెలుసు. 2025 ఆగస్టు 27, 28 తేదీల వానలు గుర్తు చేసుకోండి. జిల్లాలో ఎన్నో చోట్ల రోడ్లు తెగిపోయాయి, రైళ్లు ఆగిపోయాయి. ఆ రాత్రి ఇంట్లో పిల్లకు ఆయాసం వస్తే? అప్పుడు మీ దగ్గరున్న ఆసుపత్రి ఆ చిన్న డబ్బా, ఆ స్పేసర్, మీ చేయి.

అందుకే డాక్టరు దగ్గర ఒక కాగితం రాయించుకోండి. రోజూ ఏ మందు, ఎన్ని పఫ్‌లు, ఆయాసం వస్తే ఏ మందు, ఎన్ని, ఎంతసేపటికి మళ్లీ, ఎప్పుడు ఆసుపత్రికి బయలుదేరాలి. ఆస్ట్రేలియాలో ప్రథమ చికిత్సగా నేర్పే పద్ధతి గుర్తుంచుకోవడం సులువు. రిలీవర్‌ను ఒక్కొక్కటిగా 4 పఫ్‌లు, ప్రతి పఫ్‌కు 4 శ్వాసలు, 4 నిమిషాలు ఆగి చూడటం. తగ్గకపోతే మళ్లీ 4. అప్పటికీ తగ్గకపోతే అంబులెన్సు. మీ డాక్టరు వేరేలా రాసిస్తే దాన్నే పాటించండి. పిల్లవాడు ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతున్నా, పెదాలు నీలంగా మారినా, మత్తుగా తూలుతున్నా చూస్తూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి, దారిలో కూడా స్పేసర్‌తో రిలీవర్ ఇస్తూ ఉండండి.

మన స్కూల్‌కూ ఒక మాట

తప్పంతా తల్లిదండ్రులదే అనడం న్యాయం కాదు. అడ్మిషన్ ఫారంలో మేం ఆధార్ అడుగుతాం, బ్లడ్ గ్రూప్ అడుగుతాం. "మీ పిల్లవాడు ఇన్‌హేలర్ వాడతాడా? అది ఇప్పుడు ఎక్కడుంది?" అని అడగడం నేను చూడలేదు. ఉన్న ఇన్‌హేలర్ ఆఫీసు బీరువాలో తాళం వేసి ఉంటే గ్రౌండ్‌లో ఊపిరాడని పిల్లకు అది ఎందుకూ పనికిరాదు. నా అభిప్రాయం ఇది. పెద్ద పిల్లలైతే రిలీవర్ వాళ్ల బ్యాగులోనే ఉండాలి. చిన్న పిల్లలదైతే పేరు రాసి క్లాస్ టీచర్ అల్మారాలో, తాళం లేకుండా ఉండాలి. ప్రతి బ్రాంచిలో, ప్రతి బస్సులో కనీసం ఒకరికి స్పేసర్‌తో ఇవ్వడం వచ్చి ఉండాలి. ఏడాదికి రెండుసార్లు పేరెంట్స్ మీటింగ్ రోజున ఒక పిల్లల డాక్టర్నో నర్సునో పిలిపించి ఒక బల్ల వేయాలి. అక్కడ ఉపన్యాసం వద్దు. తల్లో తండ్రో నాయనమ్మో వచ్చి ఇన్‌హేలర్ ఇచ్చి చూపిస్తే, వాళ్లు చూసి సరిదిద్దాలి. అంతే.

"ఇది డాక్టర్ల పని, స్కూల్‌కు ఎందుకు?" అని కొందరు అడగవచ్చు. ఏ మందు, ఎంత అన్నది డాక్టర్ల పనే, అందులో స్కూల్ వేలు పెట్టకూడదు. కానీ కిక్కిరిసిన ఓపీలో ఒక్కొక్కరికి పది నిమిషాలు ఇవ్వడం డాక్టర్లకు కుదరదు. ఒకసారి నేర్చుకున్నది కూడా కొన్ని నెలలకు చేతిలోంచి జారిపోతుంది. అందుకే మళ్లీ మళ్లీ చూడాలి. నేర్పడం, మళ్లీ మళ్లీ చూసి సరిదిద్దడం స్కూల్‌కు కొత్త పని కాదు కదా. పిల్లల చేతిరాతను దిద్దించినట్టే ఇదీ.

ఆడపిల్ల ఉన్న ఇళ్లలో ఇంకో భయం ఉంటుంది. "దమ్ము ఉందని తెలిస్తే రేపు సంబంధాలు ఎట్ల వస్తయి?" అని ఇన్‌హేలర్‌ను బ్యాగులో పెట్టనివ్వరు, టీచర్‌కు చెప్పరు. ఆ భయం నాకు అర్థమవుతుంది, కొట్టిపారేయను. కానీ దాచిపెట్టిన ఇన్‌హేలర్ అవసరమైన నిమిషంలో చేతికి రాదు. చెప్పి వాడుకునే పిల్ల ఆటల్లో ముందుంటుంది, దాచుకునే పిల్ల "నాకు ఆటలు ఇష్టం లేదు" అని మూలన కూర్చుంటుంది. ఏ పిల్లను చూసి నలుగురూ జబ్బుమనిషి అనుకుంటారో మీరే ఆలోచించండి. క్లాస్ టీచర్‌కు ఒక్కరికి చెప్పండి. గుట్టుగా ఉంచమంటే ఉంచుతారు.

అసలు ఈ డబ్బా పుట్టిందే ఒక పిల్ల అడిగిన ప్రశ్న వల్ల. 1955లో అమెరికాలో రైకర్ అనే మందుల కంపెనీ అధిపతి జార్జ్ మైసన్‌ను, ఆస్తమా ఉన్న ఆయన పదమూడేళ్ల కూతురు అడిగింది, జుట్టుకు కొట్టుకునే స్ప్రే డబ్బాలాగా నా మందు ఎందుకు రాదు అని. అప్పట్లో గాజు పరికరానికి తగిలించిన రబ్బరు బంతిని నొక్కుతూ మందు పీల్చాల్సి వచ్చేది. ఆ తండ్రి కూతురి మాటను కొట్టిపారేయలేదు. 1956లో మొదటి ఇన్‌హేలర్ మార్కెట్‌లోకి వచ్చింది.

మనం కొత్తగా ఏదీ కనిపెట్టనక్కర్లేదు. ఈ రాత్రి పిల్లకు మందు ఇచ్చేటప్పుడు ఇంట్లో ఎవరినైనా ఫోన్‌లో వీడియో తీయమనండి. పైన రాసిన మెట్లతో పోల్చి చూసుకోండి. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు చీటీ చేతికి తీసుకుని లేచే ముందు, "సార్, నేను ఎట్ల ఇస్తున్ననో ఒక్కసారి చూడండి" అని అడగండి. విసుక్కుంటారేమో అని మొహమాటపడకండి. పద్నాలుగు నెలలు నేను ఆ మొహమాటంతోనే ఊరుకున్నాను. దాని ఫలితం నేను అనుభవించలేదు, మా బాబు అనుభవించాడు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు ప్రోగ్రెస్ కార్డుతో పాటు ఇన్‌హేలర్, స్పేసర్ కూడా సంచిలో వేసుకుని రండి. బల్ల వేయించే సంగతి ప్రిన్సిపాల్ గారిని నేను అడుగుతాను. మీరూ అడగండి.